మా ఊరి ఎర్ర బ్యాంకు బిల్డింగు కూల్చేస్తామంటున్నారు, ఏం చెయ్యొచ్చు?

నాగావళి_నాని
మాది శ్రీకాకుళం జిల్లాలో చిన్న టౌను. ఊరి పేరు చెప్పను, చెబితే రేపు పొద్దున్నకల్లా మా మావయ్యలకి తెలిసిపోతుంది. మెయిన్ రోడ్డు మీద మా తాతగారు (అమ్మ వాళ్ల నాన్న) కట్టించిన ఎర్ర ఇటుకల బిల్డింగు ఒకటుంది. ఆయన రంగం (బర్మాలోని రంగూన్) వెళ్లి నాలుగు డబ్బులు సంపాదించుకొచ్చి, గోగునార వ్యాపారం పెట్టి, ఆఫీసు కోసం కట్టారట. ముఖద్వారం పైన సున్నంతో పోసిన అంకెల్లో 193 వరకే కనిపిస్తుంది, నాలుగోది ఊడిపోయింది. బ్యాంకుల జాతీయకరణ తర్వాత ఒక బ్యాంకు అద్దెకి తీసుకుంది. అప్పట్నించీ అది ఎర్ర బ్యాంకే. బ్యాంకు వెళ్లిపోయినా ఆటోవాళ్లు ఇంకా "ఎర్ర బ్యాంకు, ఎర్ర బ్యాంకు" అనే కేకేస్తున్నారు.

పోయిన వేసవిలో బ్యాంకు ఖాళీ చేసి కొత్త కాంప్లెక్సులోకి మారింది. వానలు పడ్డాక ఈశాన్యం మూల గోడలో మెట్లుమెట్లుగా పగులు వచ్చింది. ఆ వెనకే మున్సిపాలిటీ నోటీసు: శిథిల భవనం, బాగు చేయించండి లేదా తీసేయండి అని. మావయ్యలు ముగ్గురూ దాన్ని కూల్చేసి కింద షాపులు, పైన ఫంక్షన్ హాలు కట్టే బిల్డరుకి ఇచ్చేద్దామంటున్నారు. అమ్మకి ఇష్టం లేదు. దొడ్డమ్మ ఏ సంగతీ చెప్పదు. చూపించిన ఇంజనీరేమో బయట నిలబడి ఒక చూపు చూసి "సిమెంటు ప్లాస్టరింగు చేయించండి, లేదంటే పడగొట్టండి" అని బండెక్కేశాడు.

ఇలాంటివాటిని కాపాడే చట్టం ఏదైనా ఉందా? ఆ పగులు నిజంగా అంత ప్రమాదమా?

రూపాయి_లెక్క
మెయిన్ రోడ్డు ఫేసింగు, బిల్డరు రెడీగా ఉన్నాడు, ముగ్గురు మావయ్యలు సరే అన్నారు. ఇందులో సమస్య ఎక్కడుంది? పాత ఇటుకల మీద ప్రేమ అందరికీ ఉంటుంది, దానికి ఇంటి పన్ను కట్టేవాడికి తప్ప.

సిరిమాను
ఈశాన్యం మూల పగులా! వాస్తువాళ్లు ఇంకా రాలేదేటి?

కొత్తవలస_బావ
వచ్చే ఉంటారు. "మూల పెరిగింది, మంచిదే" అని చెప్పి దక్షిణ పుచ్చుకుని వెళ్లుంటారు.

పెదవాల్తేరు_వాకర్
ఇంజనీరు బయట నిలబడే చూశాడని ఎవరన్నారు? లోపలికీ వెళ్లాడు.

ప్లీడరు_గుమాస్తా
చట్టం సంగతి చెప్తాను. పాతదైనంత మాత్రాన ఏ కట్టడానికీ దానంతటదే రక్షణ రాదు. కేంద్ర చట్టం 1958 నాటిది, దాని కింద పురాతన కట్టడం అనాలంటే కనీసం 100 ఏళ్లు నిండాలి, ఆ తర్వాత నోటిఫికేషన్ రావాలి. మీది 193 ఏదో అంటున్నారు కాబట్టి నాలుగో అంకె ఏదైనా నూరేళ్లు నిండలేదు. రాష్ట్రానికి 1960 చట్టం ఉంది. దాని కింద పురావస్తు శాఖ నోటిఫై చేస్తేనే రక్షిత కట్టడం అవుతుంది. ఒక చిన్న టౌనులో గోగునార వ్యాపారి ఆఫీసు కోసం అది జరుగుతుందని ఆశ పెట్టుకోకండి.

మీ అమ్మగారి చేతిలో ఉన్న అసలు ఆయుధం వేరే. తాతగారు వీలునామా రాశారా?

నాగావళి_నాని
రాయలేదండీ. 1978లో హఠాత్తుగా పోయారు. అది ఆయన స్వార్జితమే. అమ్మమ్మ కూడా లేదు. ముగ్గురు మావయ్యలు, దొడ్డమ్మ, అమ్మ.

@పెదవాల్తేరు_వాకర్ మీకెలా తెలుసు లోపలికి వెళ్లాడని?

ప్లీడరు_గుమాస్తా
అయితే 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం అయిదుగురికీ సమాన వాటాలు. ఆడపిల్లలకి పెళ్లప్పుడు ఇచ్చేశాం కదా అనే మాట కోర్టులో చెల్లదు, రిజిస్టర్డ్ పత్రం మీద వదులుకుని ఉంటే తప్ప. అమ్మగారి సంతకం లేకుండా బిల్డరు డెవలప్‌మెంట్ అగ్రిమెంటు రాయించుకోడు. రాయించుకున్నాడంటే వాడికి బుర్ర లేనట్టే.

కానీ దీనికి రెండో వైపూ ఉంది. 1893 నాటి పార్టిషన్ చట్టం ఒకటుంది. ముక్కలు చెయ్యడానికి వీలుకాని ఆస్తి అయితే, సగం గానీ అంతకు మించి గానీ వాటా ఉన్నవాళ్లు అమ్మేసి డబ్బు పంచమని కోర్టుని అడగొచ్చు. మావయ్యలు ముగ్గురూ కలిస్తే అయిదింట మూడు వాటాలు, అంటే వాళ్లు అడగగలరు. అలా అడిగినప్పుడు మిగతా వాటాదారు "ఆ వాటాలు నేనే కొంటాను" అనొచ్చు, కోర్టు ధర కట్టి ఇప్పిస్తుంది. మీ అమ్మగారికి కొనే స్తోమత ఉందా అన్నది మీరే చూసుకోవాలి. దావా వేస్తే మాత్రం మీ పిల్లల పెళ్లిళ్లకి తీర్పు వస్తుంది.

రూపాయి_లెక్క
చూశారా, చివరికి డబ్బు దగ్గరికే వచ్చింది.

ఓవర్సీర్_రిటైర్డ్
నేను రోడ్లు భవనాల్లో ముప్పై ఏళ్లకు పైగా పనిచేశాను. పాత ట్రావెలర్స్ బంగళాలు, కచేరీలు చాలావాటికి రిపేర్లు చేయించాను. పగులు చూడకుండా మాట్లాడకూడదు గానీ, కొన్ని ప్రశ్నలు అడుగుతాను, జవాబు చెప్పండి.

పగులు మెట్లుమెట్లుగా వచ్చిందన్నారు, అంటే ఇటుకల మధ్య సున్నం కీళ్ల వెంట పోయింది. ఇటుకలు విరిగాయా, కీళ్లే విడిపోయాయా? పగులు పైన వెడల్పా, కింద వెడల్పా? పైన వెడల్పుగా ఉంటే ఆ మూల కిందికి దిగుతోందని అర్థం. ఆ మూల దగ్గర వాననీటి గొట్టం ఎక్కడ పడుతోంది? పక్క స్థలంలో ఎవరైనా సెల్లారు తవ్వారా? పైకప్పు ఏమిటి, మద్రాసు టెర్రస్సా (టేకు దూలాల మీద చిన్న ఇటుకలు పేర్చినది), రైలు పట్టాల మధ్య ఇటుక ఆర్చీలా?

ఈ చివరిది ముఖ్యం. పట్టాలైతే, పైనుంచి నీరు దిగి తుప్పు పడితే ఇనుము ఉబ్బి పక్కన గోడని తోస్తుంది. అప్పుడు గోడకి ఎంత ప్లాస్టరు కొట్టినా దండగ.

ఒక్క మాట ఇప్పుడే చెప్పేస్తా. సిమెంటు ప్లాస్టరు మాత్రం వద్దు. ఎవరు చెప్పినా వద్దు.

తాపీ_బుజ్జి
సిమెంటు వద్దు అన్న ఓవర్సీర్ గారి మాటకి వంద దండాలు. మా నాన్న, మా తాత గానుగ సున్నం పని చేసినవాళ్లు. ఎద్దుతో గానుగ తిప్పి సున్నం, ఇసక, ఇటుక పొడి కలిపి రుబ్బేవాళ్లు. కరక్కాయ నానబెట్టిన నీళ్లు, బెల్లం నీళ్లు పోసేవాళ్లు. మన సముద్రం వైపు ఊళ్లలో గుల్ల సున్నమే ఎక్కువ. ఆ సున్నం గట్టిపడ్డా లోపల చెమ్మని బయటికి వదులుతుంది. దాని మీద సిమెంటు కొడితే చెమ్మకి దారి మూసుకుపోయి ఇటుకలోంచే బయటికి రావాలి. వచ్చేటప్పుడు ఉప్పు తెస్తుంది. రెండేళ్లకి ఇటుక ముఖం పొట్టుపొట్టుగా రాలిపోతుంది. నేను స్వయంగా చేతితో రుద్దితే పొడి రాలిన గోడలున్నాయి, అన్నీ సిమెంటు పాయింటింగు (కీళ్లని సిమెంటుతో పూడ్చడం) చేసినవే.

కొత్తవలస_బావ
బెల్లం నీళ్లు పోస్తే చీమలు పట్టవా బుజ్జీ?

తాపీ_బుజ్జి
మీ ఇంటికి పట్టినన్ని పట్టవు బావా.

అరసవల్లి_అమ్మాయి
ఆ బ్యాంకు నాకు తెలుసనుకుంటా (ఊరు చెప్పను, ఒట్టు). మెట్లు ఎక్కగానే గుండ్రటి స్తంభాల వరండా, లోపల ఎత్తయిన గది, పైన చిన్న చిన్న వెంటిలేటర్లకి రంగు అద్దాలు. నా డిగ్రీ ఫీజుకి అమ్మ గాజులు అక్కడే తాకట్టు పెట్టాం. కంసాలాయన గీటురాయి మీద గీసి, ఆసిడ్ చుక్క వేసి, చిన్న త్రాసులో తూచి చీటీ రాశాడు. అమ్మ ఆ చీటీని చీర కొంగుకి ముడేసుకుంది.

నోట్ల రద్దప్పుడు, 2016 నవంబరులో, ఊళ్లో మిగతా బ్యాంకుల ముందు జనం ఎండలో మాడిపోతే, ఇక్కడ ఆ వరండాలో ముసలివాళ్లంతా నీడన కూచున్నారు. అంతే నాకు గుర్తున్నది. దీన్ని ఫంక్షన్ హాలు చేస్తే నేను మాత్రం భోజనానికి రాను.

సిరిమాను
మటన్ పెడితే?

అరసవల్లి_అమ్మాయి
ఆలోచిస్తా.

పాత_లెడ్జర్
ఇలాంటి బిల్డింగుల్లోనే నా సర్వీసు సగం గడిచింది, వేరే బ్యాంకు, వేరే ఊళ్లు. అప్పట్లో చెక్కు ఇస్తే ఇత్తడి టోకెను ఇచ్చేవాళ్లం. గుండ్రంగా, మధ్యలో నంబరు చెక్కి ఉండేది. టోకెను పారేసుకున్నవాడు సాయంత్రం దాకా కూచోవాల్సిందే. పిల్లలు ఇంటికి పట్టుకుపోయి గోలీలాటలో పెట్టేవాళ్లు. లెక్కలో ఒక టోకెను తగ్గితే ఆ రోజు ఇంటికి పోవడం ఆలస్యమే.

స్ట్రాంగు రూము సంగతి అడగాలి. దాని తాళాలు రెండు, ఒకటి మేనేజరు దగ్గర, ఒకటి హెడ్ క్యాషియరు దగ్గర. ఇద్దరూ కలిస్తేనే తెరుచుకుంటుంది. హెడ్ క్యాషియరుకి అత్తగారింట్లో పెళ్లయితే, ముందు తాళం ఇంకొకరికి సంతకం పెట్టి అప్పగించి పోవాలి. ఆ ఇనప తలుపు గోడలో దిగ్గొట్టి ఉంటుంది. ఖాళీ చేసేటప్పుడు సాధారణంగా బ్యాంకు దాన్ని తీసుకుపోతుంది, గోడ పగలగొట్టి. నానీ గారూ, మీ తలుపు ఉందా, పోయిందా? పోయిందంటే నా అనుమానం ఆ గోడ పగలగొట్టినప్పుడే బిల్డింగు కదిలిందని.

నాగావళి_నాని
ఓవర్సీర్ గారూ, మీరడిగినవన్నీ నిన్న చూసొచ్చాను. అమ్మ టార్చి పట్టుకుంది.

ఇటుకలు విరగలేదు, ఒకటి రెండు తప్ప. కీళ్ల వెంటే పోయింది. పైన నా బొటనవేలు సులువుగా దూరుతోంది, కిందికి వచ్చేసరికి గోరు కూడా పట్టదు. కప్పు పట్టాలు కాదు, టేకు దూలాలు. వాటి మీద చిన్న ఇటుకలు నిలబెట్టి ఏటవాలుగా పేర్చి ఉన్నాయి. పక్క స్థలంలో సెల్లారు లేదు.

వాన గొట్టం సంగతి చూస్తే నాకే మతిపోయింది. బ్యాంకు వాళ్లు పక్కన ఏటీఎం గది కట్టినప్పుడు పాత పోత ఇనుము గొట్టాన్ని నడుం ఎత్తులో కోసేశారు. కిందన కాలువ మీద కాంక్రీటు ర్యాంపు వేసేశారు. కప్పు మీద నీళ్లన్నీ సరిగ్గా ఆ మూల పునాది పక్కనే పడుతున్నాయి. అక్కడ నేల మెత్తగా ఉంది, చెప్పు దిగబడింది.

పాత_లెడ్జర్ గారూ, తలుపు తీసుకుపోయారు. గోడలో పెద్ద కన్నం చేసి, సిమెంటు ఇటుకలతో మూసేశారు. కానీ అది నైరుతి మూల.

ఓవర్సీర్_రిటైర్డ్
అయితే పాత_లెడ్జర్ గారి అనుమానం నిలవదు. నైరుతిలో గోడ పగలగొడితే ఈశాన్యంలో మెట్ల పగులు రాదు. అక్కడ పైన దూలానికి ఆధారం ఉందో లేదో చూడాలి, అది వేరే పని.

మీ పగులుకి కారణం దాదాపు తెలిసిపోయింది. గొట్టం కోసిన దగ్గర్నించి ప్రతి వానకీ పునాది కింద మట్టి నాని మెత్తబడింది, మూల దిగింది. ముందు చేయాల్సింది సిమెంటూ కాదు, పడగొట్టడమూ కాదు. ఒక పీవీసీ గొట్టం బిగించి నీటిని దూరంగా రోడ్డు కాలువలోకి తిప్పండి. ఆ పని ఒక పూటలో అయిపోతుంది.

తర్వాత పగులు మీద రెండు మూడు చోట్ల సన్నని గాజు పలకలు అడ్డంగా అతికించండి, రెండు చివర్లా ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో. మీద తేదీ రాయండి. గోడ ఇంకా కదులుతుంటే గాజు పగులుతుంది. ఒక వానాకాలం దాటినా పగల్లేదంటే కదలిక ఆగిందని. అప్పుడు సున్నంతో కీళ్లు కూరి, అవసరమైన చోట ఇటుక తీసి ఇటుక పెట్టి కుట్టాలి. ఈలోపు ఆ మూల కింద ఎవరూ నిలబడకుండా అడ్డం కట్టండి, సరుగుడు కర్రలతో ఊతం పెట్టండి. హుద్‌హుద్‌కీ, తిత్లీకీ నిలబడింది కదా ఆ గోడ?

నాగావళి_నాని
2018లో తిత్లీకి మా వీధిలో రేకుల షెడ్లు అన్నీ ఎగిరిపోయాయి. దీనికి రెండు వెంటిలేటరు అద్దాలు పోయాయి, అంతే.

ప్లీడరు_గుమాస్తా
నోటీసుకి జవాబు ఇవ్వకుండా కూచోవద్దు. స్ట్రక్చరల్ ఇంజనీరు చేత రాతపూర్వకంగా రిపోర్టు తీసుకుని, ఫలానా రిపేరు మొదలుపెట్టాం, ఫలానా జాగ్రత్తలు తీసుకున్నాం అని ఫోటోలతో జవాబు ఇచ్చి, అందినట్టు స్టాంపు వేయించుకోండి. బాగు చేయించండి లేదా తీసేయండి అని కదా నోటీసు. మొదటి సగాన్నే పట్టుకోండి.

రూపాయి_లెక్క
అంతా బాగుంది. పగులు కుట్టారు, సున్నం కొట్టారు. తర్వాత? బ్యాంకు ఎందుకు వెళ్లిపోయిందో ఎవరూ అడగలేదు. పార్కింగు లేదు, వీల్‌చెయిర్ వెళ్లదు, ఎత్తయిన గదికి ఏసీ చల్లబడదు. ఖాళీగా ఉన్న బిల్డింగు ఎంత బాగుచేసినా నాలుగేళ్లలో రావిచెట్టు మొలుస్తుంది. అందులో రోజూ దీపం పెట్టే మనిషి ఎవరు, నెలకి అద్దె ఎవరిస్తారు? అది చెప్పండి, నేనే చందా ఇస్తా.

మిన్నెసోటా_తెలుగోడు
మాది బొబ్బిలి దగ్గర, ఉండేది మిన్నెసోటాలో. మా ఇంటికి కారులో గంట దూరంలో ఓవటోనా అని చిన్న ఊరుంది. అక్కడ 1908లో కట్టిన ఎర్ర ఇటుకల బ్యాంకు ఒకటి, నేషనల్ ఫార్మర్స్ బ్యాంకు. లూయీ సలివన్ అనే ఆర్కిటెక్టు కట్టాడు. చికాగోలో పెద్ద పెద్ద భవనాలు కట్టిన మనిషి, చివరి రోజుల్లో పనులు తగ్గిపోయి ఇలా పల్లెటూళ్ల బ్యాంకులు కట్టుకుంటూ గడిపాడు. ఇప్పుడు ఆయన పేరు చెప్పి జనం వెతుక్కుంటూ వెళ్లేది ఆ చిన్న బ్యాంకుల కోసమే. ఇటుక ఒక్కటే రంగు కాదు, ఎరుపులో పది ఛాయలు. ముందు పెద్ద ఆర్చీ, లోపల రంగు అద్దాల వెలుగు. 1981లో అమెరికా తపాలా బిళ్ల మీద కూడా వేశారు.

ఇక్కడా అంతా సవ్యంగా జరగలేదు. కట్టించిన బ్యాంకు 1920ల్లోనే దివాలా తీసింది. 1940ల్లో కొత్తగా చేస్తామని లోపలి పాత కౌంటర్లు పీకేశారు. తర్వాత తప్పు తెలిసి మళ్లీ బాగుచేశారు.

ప్లీడరు_గుమాస్తా
అక్కడ కూల్చకుండా గట్టి చట్టం ఉంటుంది కదా?

మిన్నెసోటా_తెలుగోడు
అందరూ అలాగే అనుకుంటారు. చారిత్రక స్థలాల జాతీయ రిజిస్టరులో పేరున్నా, సొంత డబ్బుతో సొంతదారు కూల్చుకుంటే కేంద్ర చట్టం ఆపదు. ఆపితే స్థానిక నగర పాలక నియమాలే ఆపాలి. వాళ్లు చేసిన తెలివైన పని వేరే ఉంది. అద్దె వచ్చే పాత భవనాన్ని పద్ధతిగా బాగుచేస్తే, ఖర్చులో 20 శాతం ఆదాయపు పన్నులో తగ్గిస్తారు. అందుకే బిల్డర్లే పాత బ్యాంకుల వెంట పడతారు. హోటళ్లు చేస్తారు, స్ట్రాంగు రూములో టేబుళ్లు వేసి భోజనం పెడతారు.

రూపాయి_లెక్క
ఆ 20 శాతం ఇక్కడ ఇస్తే నేను రేపే రెండు పాత బిల్డింగులు కొంటా. ఇక్కడ లేదు కదా. మీ కథ బాగుంది, మనకి పనికిరాదు.

సిరిమాను
స్ట్రాంగు రూములో భోజనమా! బిల్లు కట్టకపోతే తలుపు వేసేస్తారేమో.

అరసవల్లి_అమ్మాయి
మనకీ ఉన్నాయి కదా. వైజాగ్ బీచ్ రోడ్డులో విశాఖ మ్యూజియం ఉన్నది పాత డచ్ బంగళాలోనే. విజయనగరంలో గురజాడ వారి ఇల్లు ఉంది.

రూపాయి_లెక్క
రెండూ సర్కారు చేతిలో ఉన్నవి. అక్కడ అయిదు వాటాలు లేవమ్మా.

కొత్తవలస_బావ
సర్కారు చేతిలో ఉంటే ఉండిపోతుందా? 2020లో విజయనగరం మూడు లాంతర్ల స్తంభం సంగతి మర్చిపోయారా? దాన్ని కూల్చేసి...

మోడరేటర్
ఆ గొడవకి వేరే థ్రెడ్ ఉంది, అది కూడా లాక్ చేశాను. ఏ పార్టీ పేరూ రాకముందే ఆపేద్దాం. ఇక్కడ ఎర్ర బ్యాంకు మాత్రమే.

పాత_లెడ్జర్
బయట ఇటుకల మీద ఏమైనా పూశారా? ఒక బ్రాంచిలో ఎర్ర ఇటుక మీద ఎర్ర ఎనామిల్ పెయింటు వేయించిన మహానుభావుణ్ణి చూశాను.

నాగావళి_నాని
మాకూ ఉంది అది. ముందు గోడ మొత్తం. ఎవరు వేయించారో తెలీదు, బ్యాంకు వాళ్లే అయ్యుండాలి.

పెదవాల్తేరు_వాకర్
బ్యాంకు వాళ్లు కాదు. నేను వేయించాను.

సిరిమాను
ఆఁ?

కొత్తవలస_బావ
ఓలమ్మో.

పెదవాల్తేరు_వాకర్
ఒరే నానీ, గోగునార, రంగం, ఊడిపోయిన అంకె అని రాస్తే ఊరి పేరు దాచినట్టా? నేను ఈ ఫోరంలో నీకంటే ముందు నుంచి ఉన్నాను. మొదటి రోజే తెలిసింది. ఏమంటారో చూద్దామని ఊరుకున్నాను.

అందరూ మావయ్యలు, మావయ్యలు అంటున్నారు కాబట్టి చెప్తాను. ఆ ఇంజనీరుని తీసుకొచ్చింది నేనే. లోపలికి వచ్చాడు, దూలాలు చూశాడు. గొట్టం మాత్రం వాడూ చూడలేదు, నేనూ చూడలేదు, అది నీ కంట పడింది. సరే.

ఇరవై ఏళ్లుగా ఆ బిల్డింగుకి కప్పు కారితే తారు షీటు వేయించింది ఎవరు? పన్ను కట్టింది ఎవరు? వైజాగ్ నుంచి నెలనెలా బస్సెక్కి వెళ్లింది ఎవరు? అద్దె అయిదు ముక్కలైంది, ఖర్చు ఒక్క జేబులోంచి పోయింది. అద్దె పెంచమని బ్యాంకుని అడిగితే "ముందు బయట రంగు వేయించండి" అన్నారు. వేయించాను. ఊళ్లో అందరూ కొత్త పెళ్లికూతురిలా ఉంది అన్నారు, ఇప్పుడు ఇక్కడ మహానుభావుడు అంటున్నారు.

పెద్దన్నయ్యకి మోకాళ్లు పోయాయి, కొడుకు పంపితే గానీ మందులకి లేవు. నడిపి అన్నయ్య కూతురి పెళ్లి అప్పు ఇంకా తీరలేదు. వాళ్లు అడుగుతున్నది ఫంక్షన్ హాలు కాదు, డబ్బు. మీ అమ్మ వచ్చి ఆ వరండాలో కూచుని నాన్న గురించి ఏడుస్తుంది. నాకూ నాన్నే కదా.

నాగావళి_నాని
మావయ్యా...

ఓవర్సీర్_రిటైర్డ్
వాకర్ గారూ, పెయింటు సంగతి పెద్దది కాదు. మొత్తం ఒకేసారి గోకించకండి, ఇసక కొట్టించడం అసలే వద్దు. కాలిన ఇటుకకి పైన గట్టి పొర ఒకటుంటుంది, అది పోతే లోపలి మెత్తది వానకి కరిగిపోతుంది. ఒక అడుగు చదరంలో పెయింటు రిమూవరు పూసి చూడండి.

మీరు ఖర్చులకి రసీదులు ఉంచారా?

పెదవాల్తేరు_వాకర్
ప్రతి ఒక్కటీ ఉంది. నాన్న నేర్పిన అలవాటు.

ప్లీడరు_గుమాస్తా
మంచిది. పంపకం లెక్కలో ఉమ్మడి ఆస్తికి పెట్టిన ఖర్చు అడగొచ్చు. కోర్టుకి వెళ్లకుండా ఇంట్లోనే మొదట ఆ లెక్క తేల్చుకుంటే సగం కోపాలు తగ్గుతాయి. ఇది నా ఫీజు లేని సలహా.

రూపాయి_లెక్క
వాకర్ గారూ, ఒక మాట. స్థలం మొత్తం ఎంత, బిల్డింగు ఎంత మేర ఉంది? గోగునార వ్యాపారం అంటున్నారంటే వెనక గోడౌను ఉండి ఉండాలి.

పెదవాల్తేరు_వాకర్
ఉంది. ముందు బిల్డింగు మూడో వంతు కూడా ఉండదు. వెనక గోడౌను కప్పు ఎప్పుడో పడిపోయింది, తుప్పలు మొలిచాయి. పక్క సందులోంచి లారీ వెళ్లే దారి ఉంది, అప్పట్లో నాటుబళ్లు వెళ్లేవి.

రూపాయి_లెక్క
అదీ సంగతి! మూడింట రెండు వంతుల స్థలం ఖాళీగా పెట్టుకుని ముందున్నదాన్ని కూల్చడం దేనికి? వెనక భాగం బిల్డరుకి ఇవ్వండి, లేదా కొలిచి అమ్మేయండి. డబ్బు కావలసినవాళ్లు ఆ డబ్బు తీసుకుంటారు. ముందు భాగం వద్దనుకోనివాళ్ల వాటాకి వదిలేయండి. మెయిన్ రోడ్డు ముఖం లేదని బిల్డరు ధర తగ్గిస్తాడు, అది నిజం. కానీ సందు వెడల్పు ఉందంటే మరీ అంత తగ్గించలేడు. నాకు ఇటుకల మీద ప్రేమ లేదు, ఇది లెక్క మాత్రమే.

ప్లీడరు_గుమాస్తా
ముక్కలు చెయ్యడానికి వీలున్న ఆస్తి అయితే 1893 చట్టం కింద అమ్మకం అడగడం కూడా కష్టమే. రూపాయి_లెక్క గారు ఈసారి చట్టం వైపు నిలబడ్డారు. అయితే సందు వెడల్పు కాగితాల మీద ఎంతుందో, నేల మీద ఎంతుందో సర్వేయరుతో కొలిపించండి. ప్లాను అప్రూవలు దాని మీదే ఆధారపడి ఉంటుంది.

పెదవాల్తేరు_వాకర్
బిల్డరు ఒప్పుకోడు. వాడికి కావలసింది ముందు షాపులే.

రూపాయి_లెక్క
ఆ బిల్డరు ఒప్పుకోడు. ఊళ్లో ఒక్కడే బిల్డరా?

పాత_లెడ్జర్
ముందు భాగం అద్దెకి నాకొక ఆలోచన. పొందూరు ఖద్దరు అమ్మే కొట్టు, పక్క గదిలో కాఫీ. వరండా ఉంది, ఎత్తయిన కప్పు ఉంది, ఫ్యాను చాలు.

కొత్తవలస_బావ
కోచింగు సెంటరు పెడితే ఇంకా ఎక్కువ అద్దె వస్తుంది. స్ట్రాంగు రూములో బ్యాక్‌లాగు ఉన్నవాళ్లు.

తాపీ_బుజ్జి
పని మొదలైతే సున్నం పని నేను చేస్తాను. కూలి మామూలే. సున్నం మాత్రం రెండు వారాల ముందే నానబెట్టాలి, రేపు రమ్మంటే రేపు రాదు.

ఓవర్సీర్_రిటైర్డ్
వచ్చే ఆదివారం నేను ఆమదాలవలస రావాల్సిన పనుంది. మీ ఊరు అక్కడికి ఎంత దూరమో ఊహించగలను. గాజు పలకలు నేనే తెస్తాను. నిచ్చెన, టార్చిలైటు, ఒక స్క్రూడ్రైవరు సిద్ధంగా ఉంచండి. గోడలో దిగిన దగ్గర దూలం చివర్లు పొడిచి చూడాలి, చెద పట్టేది ముందు అక్కడే. నైరుతిలో పగలగొట్టిన చోటు కూడా చూస్తా. రిపోర్టు మీద సంతకం మాత్రం లైసెన్సు ఉన్న ఇంజనీరుది కావాలి, మనిషిని నేను చెప్తాను.

నాగావళి_నాని
నిచ్చెన పక్క టెంట్‌హౌసులో దొరుకుతుందండీ. మధ్యాహ్నం భోజనం మా ఇంట్లోనే. మావయ్యా, నువ్వూ రా.

పెదవాల్తేరు_వాకర్
వస్తాను. కానీ బిల్డింగు తాళం పెద్దన్నయ్య దగ్గర ఉంది. ఎందుకని అడుగుతాడు. నేను అడిగితే ఇవ్వడు, గోడౌను తుప్పలు కొట్టించే లెక్కలో మా ఇద్దరికీ మాటల్లేవు. నువ్వే అడగాలి.

నాగావళి_నాని
పెద్దమావయ్య ఫోన్ ఎత్తడు. రేపు పొద్దున్న ఇంటికే వెళ్తాను. ముందు అత్తకి చెప్పి ఉంచుతా.